నిన్నటి ధర పాఠం, నేటి ధర నేరం

ధరలు పెరిగితే బాధపడటం మనకు అలవాటే. ధరను అప్పటికప్పుడు పక్కవాడికి చెప్పేయడంలో ఎంత ముప్పు ఉందో మాత్రం ఇన్నేళ్లుగా ఎవరూ ఆలోచించలేదు. ఆ లోటును షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2025 జనవరి 29న ఒక సర్క్యులర్‌తో తీర్చింది. దాని ప్రకారం, రిజిస్ట్రేషన్ లేకుండా షేర్ మార్కెట్ పాఠాలు మాత్రమే చెప్పుకునేవాళ్లు గడిచిన మూడు నెలల ధరలు పట్టుకుని ఏ షేరు గురించీ జోస్యం చెప్పకూడదు. ఆ షేరు పేరు ఎత్తకూడదు. మారుపేరు కూడా ఎత్తకూడదు. మాటల్లోనే కాదు, వీడియోలో గానీ, తెర అడుగున పరుగెత్తే అక్షరాల్లో గానీ కూడదు.

మారుపేరు దాకా ఆలోచించిన ఆ అధికారి ఎవరో గానీ తప్పకుండా ఒకసారి తిరుపతి వచ్చిపోయి ఉంటారు. ఆ ఒక్క మాట లేకపోతే మన ఊళ్లో ఏం జరిగేదో ఊహించండి. 'రేపు కల్యాణోత్సవం లడ్డూ పైకి పోతుంది, చిన్న లడ్డూ దిగుతుంది, వడ జోలికి మాత్రం పోవద్దు' అని ఒక సారు క్లాసులో చెప్పేవాడు. దాన్ని పట్టుకోవాల్సింది సెబీనా, టీటీడీ విజిలెన్సా అన్నది తేలేలోపు వడ నిజంగానే పడిపోయేది.

ఇప్పుడు ఆ బెడద లేదు. క్లాసులు ఎంత ప్రశాంతంగా నడుస్తాయో చూడండి.

"సార్, పొద్దున్నుంచి ఇది పడతానే ఉందే, ఎందుకు సార్?"

"పొద్దున్నుంచి అనకు నాయనా. మూడు నెలల కిందట అను."

"మూడు నెలల కిందట నేనింకా క్లాసులో చేరలేదు సార్."

"అందుకే నీ డబ్బు నీ దగ్గరుంది."

సెబీ కోపానికి కారణం లేదని నేననను. కారణం ఉంది, అది చిన్నదేమీ కాదు. షేర్ల రేపటి ధర మీద పందెంలాంటి ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు మనుషుల్లో నూటికి 93 మంది నష్టపోయారని 2024 సెప్టెంబరులో సెబీయే లెక్క తేల్చింది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో పోయిన సొమ్ము 1.8 లక్షల కోట్ల రూపాయల పైమాటే. పాఠం పేరు చెప్పి జనాన్ని అటు తోలినవాళ్లను పట్టుకోవాల్సిందే. కాకపోతే ఒక చిన్న సందేహం. ఆ 93 మందిలో ధర ఆలస్యంగా తెలిసి మునిగినవాడు ఎవడైనా ఉన్నాడా? అందరి ఫోన్లలోనూ అంకె సెకను సెకనుకూ పచ్చగా, ఎర్రగా మారుతూనే ఉంది. దాన్ని అమ్ముకున్నవారికి ఫీజు అందింది, చూసినవాడికి టెన్షన్ మిగిలింది, దాని గురించి మాట్లాడినవాడికి సర్క్యులర్ వచ్చింది. పని విభజన అంటే ఇలా ఉండాలి.

ఇంకో సంగతి. ఈ మూడు నెలల సూత్రం బొంబాయిలో పుట్టిందని చాలామంది అనుకుంటున్నారు. చిత్తూరు వైపు టమాటా రైతు దీన్ని ఎప్పట్నుంచో పాటిస్తున్నాడు. 2023 జులై నెలాఖరుకు మదనపల్లె మార్కెట్లో మొదటి రకం కిలో రెండు వందల దరిదాపులకు వెళ్లింది. (అప్పటికే మదనపల్లె అన్నమయ్య జిల్లాలో కలిసిపోయింది గానీ, ఆ జీవో టమాటాలకు అందినట్టు లేదు. అవి ఇప్పటికీ మా చిత్తూరు జిల్లావే అన్నట్టు మాట్లాడతాం.) ఆ ధర విని పలమనేరు, వి.కోట, పుంగనూరు పక్క మళ్లీ నారు నాటినవాళ్లకు, కాయ కోతకొచ్చే సమయానికి కోత కూలి గిట్టుబాటయితే గొప్ప అన్న పరిస్థితి. నాటేటప్పుడు విన్న ధరకూ అమ్మేటప్పుడు చేతికొచ్చిన ధరకూ మధ్య ఉన్న కాలం, సెబీ వారు కోరినంతే. ఆ లెక్కన దేశంలో మార్కెట్ చదువు అందరికంటే పద్ధతిగా చదువుకున్నవాడు మా టమాటా రైతే. ఫీజు కూడా ప్రతి పంటకూ కడుతున్నాడు.

అప్పటికప్పుడు ధర తెలుసుకునే సౌకర్యం రైతుకు లేదా అంటే, ఎందుకు లేదు? 2016 ఏప్రిల్ 14న మార్కెట్ యార్డులను ఆన్‌లైన్‌లో కలిపే ఈ-నామ్ మొదలైంది. ఏ మార్కెట్లో ఏ సరుకు ఎంత పలికిందో ఫోన్లో చూసుకోవచ్చు. చూసుకుని ఏం చేయాలన్నది మాత్రం ఫోన్లో ఉండదు. రాత్రి కోసి, బాక్సులకెత్తి, తెల్లారేసరికి మండీలో దించాక, ఈ రోజు ఇంకో ఊళ్లో రెండు రూపాయలు ఎక్కువని తెలిస్తే మళ్లీ బండికెత్తుకుపోతాడా? షేరు అయితే నచ్చని ధరకు అమ్మకుండా ఏడాదైనా డీమ్యాట్ ఖాతాలో పడి ఉంటుంది. టమాటా పడి ఉండదు, కారిపోతుంది.

అసలు ఈ ధరలు మోసే వ్యాపారం ఎలా మొదలైందో తెలిస్తే నియంత్రణ ఎంత అవసరమో మీకే అర్థమవుతుంది. 1850లో జర్మనీలోని ఆకెన్‌కూ బెల్జియంలోని బ్రసెల్స్‌కూ మధ్య టెలిగ్రాఫ్ తీగ లేదు. జూలియస్ రాయిటర్ అనే ఆయన ఆ ఖాళీలో పావురాలను ఎగరేశాడు. షేర్ల ధరల చీటీలు మోసుకుని అవి రైలు కంటే ముందే చేరేవి. పావురానికి లైసెన్సు లేదు. మార్కెట్లో దానికున్న పోటీదారు గద్ద ఒక్కటే. గోవిందరాజస్వామి గుడి గోపురం మీద అన్ని పావురాలుండి కూడా మన ఊళ్లో ఇలాంటి సంస్థ ఒక్కటీ పుట్టలేదంటే, మనకు మొదట్నుంచీ వ్యాపార దృష్టి తక్కువ.

తర్వాత 1867లో అమెరికాలో టిక్కర్ యంత్రం వచ్చింది. టిక్ టిక్‌మంటూ కాగితం పట్టీ మీద ధరలు కక్కేది. దాని వెంటే కొత్తరకం దుకాణాలూ వచ్చాయి. అక్కడ ఎవరూ ఏమీ కొనరు, అమ్మరు. టిక్కర్ మీద కనిపించే అసలు ధర మీద పందెం కాస్తారు. మన దగ్గర దాని పేరు డబ్బా ట్రేడింగ్. తమ ధరలను వాడుకుని ఈ దుకాణాలు బతికేస్తున్నాయని షికాగో ధాన్యం ఎక్స్చేంజీ కోర్టుకెక్కింది. 1905లో అమెరికా సుప్రీంకోర్టు ఎక్స్చేంజీ పక్షాన తీర్పు చెప్పింది. అంటే ధర ఎవరి సొత్తన్నది అప్పుడే తేలిపోయింది. అది కొన్నవాడిది కాదు, అమ్మినవాడిది కాదు, వాళ్లిద్దరూ అరుచుకున్న హాలు ఎవరిదో వాళ్లది.

ఆ దుకాణమే ఇప్పుడు ఆటల యాప్ రూపంలో ఫోన్లోకి దూరింది. అందుకని 2024 మే 24న సెబీ, అప్పటికప్పటి ధరలను ఇలాంటివాళ్లకు ఇవ్వొద్దని ఎక్స్చేంజీలకు చెప్పింది. ఇది మంచి పనే, ఇందులో నాకు వ్యంగ్యం దొరకలేదు. చదువు చెప్పేవాళ్లకైతే ఒక రోజు పాతబడ్డ ధర ఇవ్వొచ్చని అందులోనే రాశారు. ఎనిమిది నెలలు తిరిగేసరికి ఆ ఒక రోజు మూడు నెలలైంది. ఒకే సెబీ, ఒకే పాఠం. ఎక్స్చేంజీ నిన్నటి ధర ఇవ్వొచ్చు, సారు దాన్ని అందుకోవచ్చు, తొంభై రోజులు బీరువాలో పెట్టి తాళం వేసుకోవచ్చు.

హాలు ఎవరిదో ధర వాళ్లదే అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఈ సంగతి తిరుపతి వాళ్లకు చెప్పినంత తేలిగ్గా ఇంకెవరికీ చెప్పలేం. కొండ మీద కల్యాణకట్టలో మనం తలనీలాలు ఇస్తాం. టీటీడీ వాటిని పొడవును బట్టి రకాలుగా విడదీసి ఈ-వేలం వేస్తుంది. కోట్లలో రాబడి. అవి ఏ దేశానికో పోయి విగ్గులవుతాయి. బాగుంది. రేపు అదే విగ్గు తెచ్చి, గుండుతో అలిపిరి దిగిన మనిషికే నెల అద్దెకిచ్చారనుకోండి. పెట్టుకుంటే ఒక అద్దె, నలుగురికి చూపిస్తే ఇంకో అద్దె, పెట్టుకోకుండా పెట్టెలో దాచుకున్నా మూడో అద్దె. ఎక్స్చేంజీలు ధరలమ్మే పద్ధతి ఇదే. మీ ఆర్డరూ నా ఆర్డరూ కలిస్తేనే అక్కడ ధర పుట్టింది. ఆ ధరను తెర మీద చూపించడానికి ఒక ఫీజు, ఇంకొకరికి పంపడానికి ఒక ఫీజు, ఎవరికీ చూపించకుండా కంప్యూటర్‌కే మేపితే దానికీ ఒక ఫీజు. లెవెల్ 1 కొంటే, కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ అడిగే ధరల్లో పైవరస బేరం ఒక్కటే కనిపిస్తుంది, లెవెల్ 2 కొంటే ఐదు వరసలు, లెవెల్ 3 అయితే ఇరవై. కల్యాణకట్టలో ఇచ్చినవాడికి మొక్కన్నా తీరుతుంది.

ఇక పోటీవాదుల సంగతి. లీలామహల్ సెంటర్లో టీ తాగుతూ వీళ్లతో వాదించని వాళ్లుండరు. "గవర్నమెంటు వేలు పెట్టకుంటే చాలు సామీ, అన్నీ పోటీయే చూసుకుంటుంది" అంటారు. షేర్ల ఎక్స్చేంజీ ఎన్ఎస్ఈలో పలికిన ధరను ఎన్ఎస్ఈ కంటే చవగ్గా తయారుచేసి అమ్మేవాళ్లు ఎవరన్నా ఉన్నారా అని అడిగితే, ఇంకో ఎక్స్చేంజీ బీఎస్ఈ ఉంది కదా అంటారు. ఉంది, 1875 నుంచీ ఉంది. అది అమ్మేది బీఎస్ఈ ధర. సరుకు పుట్టేచోట ఒక్కరే ఉన్నప్పుడు పోటీ ఎక్కడ పెట్టాలో అడిగితే టీ చల్లారిపోతోందంటారు.

పుట్టేచోట పోటీ లేకపోయినా మోసుకొచ్చేవాళ్ల మధ్య పోటీ ఉన్నమాట నిజం. సాలమన్ బ్రదర్స్ అనే కంపెనీ 1981లో సాగనంపుతూ చేతిలో పెట్టిన కోటి డాలర్లతో మైకేల్ బ్లూమ్‌బర్గ్ ఈ వ్యాపారంలోకి దిగాడు. పావురాల రాయిటర్ పెట్టిన రాయిటర్స్ సంస్థతో దశాబ్దాలపాటు తలపడ్డాడు. ఆ హోరాహోరీ పోటీ పుణ్యమా అని ఈ రోజు ధరలు చూపించే బ్లూమ్‌బర్గ్ టెర్మినల్ ఒక్కటి ఏడాదికి ఇరవై వేల డాలర్లకు పైగా పెడితే చాలు, దొరుకుతుంది. పోటీయే లేకపోతే ఎంత ఉండేదో తలచుకుంటేనే భయమేస్తుంది.

యూరప్‌లో ఇంకో ముచ్చట. రాయిటర్స్ ఒక్కో షేరుకూ ఒక్కో కోడ్ పెట్టింది. ఖాతాదారులు తమ ప్రోగ్రాములన్నీ ఆ కోడ్‌లతో రాసుకున్నారు. రేపు వేరే కంపెనీకి మారదామంటే, మా కోడ్ వాళ్ల ధరకు వాడకూడదని అడ్డుపుల్ల. 2012 చివర్లో యూరోపియన్ కమిషన్ జోక్యం చేసుకుంటే గానీ ఆ కోడ్‌లను లైసెన్సు మీద బయట వాడుకోనివ్వడానికి కంపెనీ ఒప్పుకోలేదు. అక్కడ మారుపేరు వాడుకోవడానికి కమిషన్ కావాల్సొచ్చింది. ఇక్కడ వాడకుండా ఆపడానికి సెబీ కావాల్సొచ్చింది. మారుపేరులో ఏదో మహత్యం ఉంది.

బ్రిటన్ వాళ్లయితే ఈ చర్చకే ఆదర్శం. అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ ఏళ్లపాటు అధ్యయనం చేసి 2024 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. పోటీ సరిగ్గా పనిచేయడం లేదట. వాడేవాళ్లు కట్టాల్సినదానికంటే ఎక్కువే కడుతూ ఉండొచ్చట. కానీ పెద్ద చర్యలేవైనా తీసుకుంటే అనుకోని పరిణామాలు రావచ్చు కాబట్టి తీసుకోవడం లేదట. అమెరికాలో 2010లో, పోటీ ఉంది కాబట్టి ఎక్స్చేంజీ అడిగే ఫీజు న్యాయంగానే ఉంటుందని అక్కడి నియంత్రణ సంస్థ వాదిస్తే, అప్పీలు కోర్టు ఆధారమేదని అడిగింది. పోటీ అనేది నమ్మాల్సిన విషయం గానీ ఆధారాలు అడగాల్సిన విషయం కాదని ఆ జడ్జీలకు ఎవరూ చెప్పినట్టు లేదు.

మన దగ్గర ధర అందరికంటే ముందు తెలుసుకోవడం అనేది వేరే స్థాయిలో జరిగింది. ఎన్ఎస్ఈ 2010లో కోలొకేషన్ మొదలుపెట్టింది. బ్రోకర్లు డబ్బు కట్టి తమ కంప్యూటర్లను ఎక్స్చేంజీ గదిలోనే పెట్టుకోవచ్చు. అప్పట్లో టిక్-బై-టిక్ ధరలు, అంటే మారిన ప్రతిసారీ పంపే ధరలు, ఒకరి తర్వాత ఒకరికి వెళ్లే పద్ధతి ఉండేది. సర్వర్‌లో ముందు లాగిన్ అయినవాడికి ముందు అందేది. సుప్రభాత సేవకు లేచే అలవాటున్న ఊరు మనది. ఒక్క తిరుపతి బ్రోకరూ ఈ అవకాశాన్ని వాడుకున్న దాఖలా లేకపోవడం విచారకరం. 2019 ఏప్రిల్ 30న సెబీ 624.89 కోట్ల రూపాయలు వడ్డీతో కట్టమని ఎన్ఎస్ఈని ఆదేశించింది. 2023 జనవరిలో అప్పీలు ట్రిబ్యునల్ ఆ ఆదేశాన్ని కొట్టేసి, తగినంత జాగ్రత్త చూపనందుకు వంద కోట్లు కట్టమంది. మైక్రోసెకన్ల తేడా ఎవరికి లాభించిందో తేల్చడానికి ఏళ్లు పట్టాయి. న్యాయానికి కూడా కోలొకేషన్ ఉంటే బాగుండేది.

ఆ ఎన్ఎస్ఈ మాజీ అధిపతి ఒకరు సంస్థ లోపలి సంగతులు, లాభాల అంచనాలతో సహా, హిమాలయాల్లో ఉండే ఒక సిద్ధపురుషుడికి ఈమెయిల్ చేశారని 2022 ఫిబ్రవరిలో సెబీ తన ఉత్తర్వులో రాసింది. దీని మీద అందరూ నవ్వారు. నాకైతే కోపమొచ్చింది. శేషాచలంలో ఇన్ని తీర్థాలున్నాయి, కపిలతీర్థం నుంచి మెట్ల దారి దాకా ఇంతమంది సాధువులున్నారు. ఒక్కరికైనా ఒక్క బోర్డు అజెండా పంపారా? ఉత్తరాది గుత్తాధిపత్యం అంటే ఇదే. గుత్తాధిపత్యాల మీద కన్నేసి ఉంచే పోటీ కమిషన్ వారు ముందు దీని సంగతి చూడాలి.

నియంత్రణవాదులు మాత్రం తక్కువ తిన్నారా అంటే, 2025 జూన్‌లో చిత్తూరు తోతాపురి మామిడి కథ గుర్తుచేసుకోండి. ధర పడిపోయింది. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు ఖాయం చేసింది. అందులో 8 గుజ్జు ఫ్యాక్టరీలు ఇవ్వాలి, 4 ప్రభుత్వం ఇస్తుంది. ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు కిలోమీటర్ల కొద్దీ బారులు తీరాయి. ఆ ఎనిమిదీ చేతికి రావడం లేదని రైతులు మొత్తుకున్నారు. ఇది చాలదన్నట్టు పక్క రాష్ట్రాల తోతాపురి జిల్లాలోకి రాకూడదని కలెక్టర్ ఉత్తర్వు వచ్చింది. దాని మీద కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. సరిహద్దులో మామిడికాయను ఆపి, నువ్వు శ్రీనివాసపురం దానివా, పలమనేరు దానివా అని అడిగే రోజులొచ్చాయి. ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఈ గంటలో నిజంగా ఎంతకు కొంటున్నారో చెప్పే బోర్డు మాత్రం నాకు కనబడలేదు. మామిడికి ధర నిర్ణయించి, కబురు గాలికొదిలేశారు. షేరుకు ధర గాలికొదిలేసి, కబురు చెప్పేవాడిని పట్టుకున్నారు.

ఈ రెండు పక్షాలకూ న్యాయం జరగాలంటే మూడు నెలల నిబంధన ఒక్క పాఠాలకే పరిమితం చేయకూడదని నా ప్రతిపాదన. గాంధీ రోడ్డు బంగారం దుకాణాల బోర్డుల మీద మూడు నెలల కిందటి రేటే రాయాలి, ఆ రేటుకే అమ్మాలి. ఈ ఒక్క నిబంధనకు ఊళ్లోని ఆడపిల్లల తల్లిదండ్రులంతా ఏకగ్రీవంగా మద్దతిస్తారు. సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతుందో టీటీడీ రోజూ ఉచితంగా చెప్పేస్తోంది. ఇది కూడా పద్ధతి కాదు. ఉచితంగా ఇస్తే ఆ వ్యాపారంలోకి రావాలనుకునే స్టార్టప్‌లు ఏమైపోవాలి?

ఇంకో దారీ ఉంది గానీ, అది మరీ చప్పగా ఉంటుందని ఎవరూ ఎత్తడం లేదు. మన ఇళ్లకు కరెంటు ఇచ్చే ఎస్‌పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. తీగ ఒక్కటే కాబట్టి పోటీ కుదరదని ఒప్పుకుని, చార్జీలు ఎంత ఉండాలో విద్యుత్ నియంత్రణ మండలి ఏటా బహిరంగ విచారణ పెడుతుంది. కంపెనీ తన ఖర్చెంతో రాసి ఇవ్వాలి. రైతు సంఘం వాళ్లూ, అపార్టుమెంటు వాళ్లూ లేచి ఆ ఖర్చు ఎందుకైందని అడగొచ్చు. బిల్లు తగ్గుతుందని కాదు, అడగడానికి ఒక కుర్చీ ఉంటుంది. ఒక ధరను నాకు చెప్పడానికి మీకు ఎంత ఖర్చవుతుంది, దాని మీద ఎంత మిగుల్చుకుంటున్నారు అని ఎక్స్చేంజీని అలా కూర్చోబెట్టి అడిగితే, మోసుకొచ్చేవాళ్ల పోటీ సంగతి పోటీయే చూసుకుంటుంది. పాఠం చెప్పే సారును మోసం చేసినప్పుడు పట్టుకుంటే సరిపోతుంది, ధర పలికినప్పుడల్లా పట్టుకోనక్కర్లేదు. కానీ విచారణ అంటే ఖర్చులు బయటపెట్టాలి. సర్క్యులర్ అయితే రెండు పేజీల్లో పోతుంది.

చివరగా, ఈ వ్యాసం నిబంధనలకు లోబడే రాశానని సంబంధిత అధికారులకు మనవి. ఇందులో ఏ షేరు భవిష్యత్తూ చెప్పలేదు. లడ్డూ అంటే లడ్డూయే. టమాటా ధర 2023ది, మామిడి ధర 2025 జూన్‌ది, పావురాలు 1850 నాటివి. అన్నీ మూడు నెలలు దాటినవే. ఇది చదివి ఎవరికైనా పొరపాటున లాభం వస్తే ఆ కబురు నాకు వెంటనే పంపండి. దానికి ఫీజెంతో కూడా అందులోనే రాయండి.